మూడో అంతస్తు అమ్మాయిలు

మా అక్క కూతురు డాలస్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఈ ఆగస్టులో తన కాలేజీ హాస్టల్లో ఆర్ఏగా, అంటే రెసిడెంట్ అసిస్టెంట్‌గా చేరబోతోంది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వు కూడా చేశావట కదా! అసలు ఏం పని ఉంటుంది?" అని అడిగింది. అప్పటికి తోచిన నాలుగు ముక్కలు చెప్పాను. ఫోన్ పెట్టేశాక అయోవాలో నేను చదివిన విశ్వవిద్యాలయం, ఆ ఎర్ర ఇటుకల భవనం, దాని మూడో అంతస్తు వరసగా గుర్తుకొచ్చాయి. ఆ పిల్లకు చెప్పనివి చాలా మిగిలిపోయాయి. వాటిలో కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర హాస్టల్ అనగానే వార్డెన్ గుర్తొస్తారు. నేను ఇంటర్ రెండేళ్ళూ విజయవాడ పక్కన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. తెల్లవారుజామున ఐదింటికి గంట, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు, ఆదివారం వచ్చే అమ్మానాన్నల కోసం గేటు దగ్గర ఎదురుచూపులు, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి కాయిన్ బాక్స్ ముందు వరస. మా వార్డెన్ మేడం మంచి మనిషే. కానీ వందలమంది ఆడపిల్లలకు ఆవిడ ఒక్కరే. ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరు స్టడీ అవర్‌కు రాలేదో రిజిస్టరులోకి ఎక్కేది. ఎవరు దుప్పటి ముసుగులో ఏడుస్తున్నారో ఎక్కేది కాదు.

అమెరికాలోనూ ఒకప్పుడు పద్ధతి ఇంచుమించు ఇదే. 1960ల దాకా ఆడపిల్లల హాస్టళ్ళలో హౌస్ మదర్ అని ఒక పెద్దావిడ ఉండేవారు. రాత్రి ఫలానా వేళకు లోపలికి వచ్చెయ్యాలి, బయటికి వెళ్తే పుస్తకంలో సంతకం పెట్టాలి. కాలేజీ తల్లిదండ్రుల స్థానంలో ఉంటుందన్న వాదనను న్యాయస్థానాలూ ఒప్పుకునేవి. ఆ పట్టు సడలడానికి ఒక పెద్ద కారణం 1961 నాటి డిక్సన్ కేసు. అలబామాలో వర్ణవివక్షకు నిరసనగా లంచ్ కౌంటర్ దగ్గర బైఠాయించిన నల్లజాతి విద్యార్థులను వాళ్ళ ప్రభుత్వ కళాశాల విచారణ లేకుండానే బహిష్కరించింది. అది చెల్లదని ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు తేల్చింది. విద్యార్థికి కూడా హక్కులున్నాయని గుర్తించక తప్పలేదు. క్రమంగా హౌస్ మదర్లు పోయారు, సంతకాల పుస్తకాలు పోయాయి. కానీ పద్దెనిమిదేళ్ళ పిల్ల ఇల్లు వదిలి వచ్చిన మొదటి ఏడాది పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిన అవసరం మాత్రం పోలేదు. ఆర్ఏ పని పెరిగింది ఆ అవసరంలోంచే. అదే అంతస్తులో, అదే వరండాలో, రెండేళ్ళు ముందు చదువుతున్న విద్యార్థి ఒకరు. శిక్షించే అధికారం లేదు. మార్కులతో సంబంధం లేదు. అక్కడే ఉండటం, చూడటం, వినడం, అవసరమైనప్పుడు సరైన మనిషికి కబురందించడం, అంతే.

నేను 2009లో బీఎస్ చదవడానికి వెళ్ళాను. రెండో ఏడాది ఆర్ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది డబ్బు కోసమే. ఒంటరి గది ఉచితం, డైనింగ్ హాల్లో భోజనం ఉచితం, పైన కొద్దిపాటి భత్యం. 2010లో డాలరు 45 రూపాయల చుట్టూ ఉండేది, నా చదువు ముగిసిన 2013 వేసవికి 60కి చేరింది. నాన్న బ్యాంకు అప్పు మీద వడ్డీ లెక్కలు వేసుకునే రోజుల్లో ఆ గది, ఆ భోజనం ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను. ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్ళు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. మా విశ్వవిద్యాలయం ఆర్ఏ పనిని ఆ 20 గంటలుగానే లెక్కగట్టేది కాబట్టి లైబ్రరీలో చేస్తున్న పని మానేశాను. ఇరవై గంటలన్నది కాగితం మీది మాట. నీ గది తలుపు మీద నీ పేరుంటే, ఆ తలుపు ఎవరైనా ఎప్పుడైనా కొట్టవచ్చు. 2002లో ఆమ్హెర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆర్ఏలు ఓటు వేసి యూనియన్ పెట్టుకున్నారని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. అది పనే, బరువైన పని. గది ఊరికే వస్తుందని అనేవాళ్ళు ఆ పని చేసినవాళ్ళు కారు.

శిక్షణ ఆగస్టులో, మిగతా విద్యార్థులు రాకముందే మొదలయ్యేది. అయోవా ఆగస్టు గురించి చాలామందికి తెలియదు. చుట్టూ మొక్కజొన్న చేలు, గాలిలో ఉక్క, మన ఆషాఢంలో వాన ఆగిపోయిన మధ్యాహ్నాల వేడి. ఆ వేడిలో అగ్నిమాపక సిబ్బంది వచ్చి మా చేత మంట ఆర్పించేవారు. పిన్ను లాగు, మంట మొదలుకు గురిపెట్టు, మీట నొక్కు, అటూ ఇటూ ఊపు. ఆ వరస ఇప్పటికీ నా చేతులకు తెలుసు.

శిక్షణలో అన్నిటికంటే మాకు భయం పుట్టించింది 'బిహైండ్ క్లోజ్డ్ డోర్స్' అనే అభ్యాసం. చాలా కాలేజీల్లో ఇప్పటికీ ఉంది. మూసిన గదుల్లో పాత ఆర్ఏలు విద్యార్థుల వేషం వేస్తారు. ఒక గదిలో పార్టీ, ఒక గదిలో తగవు, ఇంకో గదిలో ఏడుస్తున్న అమ్మాయి. లోపల ఏముందో తెలియకుండా కొత్త ఆర్ఏ వెళ్ళి తలుపు కొట్టాలి. కొట్టడానికీ ఒక పద్ధతి ఉంది. తట్టి, పేరు చెప్పి, ఆర్ఏనని చెప్పి, తలుపు తీసేదాకా ఆగాలి. పిలవనిదే గడప దాటకూడదు. సామాను వెతకకూడదు, కంటికి కనబడ్డదే లెక్క. మద్యం కనబడితే మన చేత్తో ముట్టుకోకూడదు. ఆ విద్యార్థే సింకులో పారబోయాలి, పక్కన ఇంకో ఆర్ఏ సాక్షిగా ఉండాలి.

ఆ తర్వాత రిపోర్టు. రాయడం అంటే ఏమిటో నాకు ఆ రిపోర్టులే నేర్పాయి. "అమ్మాయి తాగి ఉంది" అని రాస్తే మా హాల్ డైరెక్టర్ తిప్పి పంపేవారు. హాల్ డైరెక్టర్ అంటే ఆ భవనంలోనే కాపురముండే పూర్తికాలపు ఉద్యోగిని, మా అందరికీ పైన ఉండే ఆవిడ. "తాగి ఉందో లేదో నీకెలా తెలుసు? నువ్వు చూసింది రాయి" అనేవారు. అప్పుడు మళ్ళీ రాసేదాన్ని: "రాత్రి 11:40కి 312 గది తలుపు కొట్టాను. తలుపు తీసిన విద్యార్థిని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గోడ పట్టుకుని నిలబడింది. నా పేరు రెండుసార్లు అడిగింది. బల్ల మీద మూత తీసిన సీసా ఉంది." ఊహ వేరు, చూసింది వేరు. తర్వాత నేను చేసిన ఏ ఉద్యోగంలోనూ ఇంత పనికొచ్చిన పాఠం ఇంకొకటి దొరకలేదు.

ఇక తలుపుల మీది పేర్లు. అక్కడ వాటిని డోర్ డెక్‌లు అంటారు. విద్యార్థులు వచ్చేలోగా అంతస్తులో ప్రతి ఒక్కరి పేరూ రంగు కాగితం మీద రాసి తలుపుకు అతికించాలి. నా అంతస్తులో యాభైమంది దాకా ఉండేవారు, గదికి ఇద్దరు చొప్పున. చాలామంది ఆర్ఏలు సినిమా బొమ్మలో, కార్టూన్లో కత్తిరించేవారు. నేను మొదటి ఏడాది చుక్కల ముగ్గులు వేశాను. ముదురు నీలం కాగితం, తెల్ల మార్కర్, ఏడు చుక్కల నుంచి నాలుగు దాకా వచ్చే ముగ్గు, మధ్యలో పేరు. ఒకటి వేసినట్టు ఇంకోటి వెయ్యకూడదని పట్టుబట్టాను. అమ్మకు ఫోన్ చేసి, సంక్రాంతి నెల ముగ్గులన్నీ ఒక్కొక్కటి అడిగి చుక్కల లెక్క రాసుకున్నాను. అమ్మకు ఆ పని నచ్చింది. "గుమ్మంలో ముగ్గు లేకుండా పిల్లని లోపలికి ఎలా పిలుస్తాం?" అంది. పేర్లు అతికిస్తూనే కంఠతా పట్టేసేదాన్ని. వచ్చిన మొదటి రోజున, తనెవరో చెప్పకముందే పేరు పెట్టి పలకరిస్తే ఆ అమ్మాయి ముఖంలో వచ్చే మార్పు కోసం ఎన్ని రాత్రులైనా కాగితాలు కత్తిరించవచ్చు.

గదుల్లో దిగే రోజు మరో లోకం. మంచం ఎత్తు పెంచడానికి ఇంటి నుంచి సొంత పనిముట్ల పెట్టె తెచ్చుకున్న రైతు తండ్రులు, చిన్న ఫ్రిజ్ భుజాన మోస్తూ మెట్లెక్కే అన్నయ్యలు, దుప్పటి మడతలు మళ్ళీ మళ్ళీ సర్దే తల్లులు. ఒకాయన పని అంతా అయ్యాక టోపీ తీసి చేత్తో పట్టుకుని నా గది ముందు నిలబడ్డాడు. "మా ఇంట్లో కాలేజీకి వచ్చింది ఇదే మొదలు. కాస్త చూస్తూ ఉండండి" అన్నాడు. నా వయసు ఆయన కూతురి కంటే ఏడాదో రెండేళ్ళో ఎక్కువ, అంతే. అలాగేనన్నాను. చూస్తూ ఉండగలను. కానీ చూసింది ఆయనకు చెప్పలేను. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థి సమాచారం విద్యార్థిదే. కూతురు ఫోన్ ఎత్తడం లేదని తల్లి నాకు ఫోన్ చేస్తే, నేను వెళ్ళి తలుపు కొట్టి "మీ అమ్మకి ఒకసారి ఫోన్ చెయ్యి" అనగలను. ఎక్కడుంది, ఎవరితో ఉంది అన్నది ఆ తల్లికి చెప్పలేను. మన అమ్మలకు ఇది మింగుడుపడదు. నాకూ మొదట్లో కష్టంగానే ఉండేది. పోనుపోను దానిలోని మర్యాద అర్థమైంది.

రూమ్మేట్ల ఒప్పందం గురించి చెప్పకపోతే ఎలా? మొదటి రెండు వారాల్లో ప్రతి గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక పత్రం నింపించాలి. దీపం ఎప్పుడు ఆర్పాలి, అతిథులు ఎప్పుడు రావచ్చు, తిండి పంచుకోవచ్చా, చెత్త ఎవరు పారేయాలి. అందరూ నవ్వుకుంటూ, "మాకు గొడవలెందుకొస్తాయి" అంటూ సంతకం పెట్టేవారు. అక్టోబరు వచ్చేసరికి ఆ పత్రం కోసమే నా దగ్గరికొచ్చేవారు. ఒక గదిలో షికాగో అమ్మాయి, అయోవా పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. చలికాలంలో ఒకరికి కిటికీ తెరిస్తే గానీ నిద్ర పట్టదు, ఒకరికి హీటరు తగ్గిస్తే ఒళ్ళు గడ్డకడుతుంది. మాట్లాడుకోవడం మానేసి, ఫ్రిజ్ మీద చీటీలు అతికించుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, "నువ్విలా చేస్తావు" అని కాకుండా "నాకిలా ఉంది" అని మొదలుపెట్టి చెప్పమన్నాను. శిక్షణలో ఇది విన్నప్పుడు ఇంత చిన్నదానికి ఏమవుతుందిలే అనుకున్నాను. కానీ అయ్యింది. షికాగో అమ్మాయికి చిన్నప్పటి నుంచి ఉబ్బసమని, మూసిన గదిలో ఊపిరాడదేమోనని భయమని ఆ పూటే బయటపడింది. పల్లె అమ్మాయి మారుమాట్లాడకుండా తన మంచం కిటికీకి దూరంగా జరుపుకుంది.

డ్యూటీ వంతుల ప్రకారం వచ్చేది. సాయంత్రం నుంచి మర్నాడు పొద్దుట దాకా డ్యూటీ ఫోన్ మన దగ్గరే ఉంటుంది. గది తాళం లోపల మరిచిపోయినవాళ్ళు, కుళాయి కారుతోందనేవాళ్ళు, పక్క గదిలో సంగీతం ఆపమనేవాళ్ళు, అందరూ ఆ నంబరుకే చేస్తారు. రాత్రి కొన్ని సార్లు భవనమంతా తిరగాలి. పైనుంచి కిందికి ప్రతి అంతస్తు, ప్రతి మెట్ల దారి, కింద బట్టలుతికే గది. బయటి తలుపుల దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాలి. స్నేహితులు రావడానికి వీలుగా తలుపుకు చెప్పో, పిజ్జా డబ్బానో అడ్డం పెట్టడం పిల్లల అలవాటు. దాన్ని తీసేసి తలుపు మూసుకునేదాకా చూడాలి. మొదట్లో ఇంత పట్టింపు ఎందుకనుకునేదాన్ని, శిక్షణలో జీన్ క్లెరీ కథ వినేదాకా. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో పంతొమ్మిదేళ్ళ ఆ అమ్మాయిని తన హాస్టల్ గదిలోనే మరో విద్యార్థి చంపేశాడు. తాళం పడి ఉండాల్సిన తలుపులు అడ్డం పెట్టి తెరిచి ఉండబట్టే అతను లోపలికి రాగలిగాడు. ఆమె తల్లిదండ్రులు ఊరుకోలేదు. వాళ్ళ పోరాటం వల్ల 1990లో చట్టం వచ్చింది. కాలేజీలు తమ ఆవరణలో జరిగిన నేరాల లెక్కలు ఏటా బయటపెట్టాలి. ఆ చట్టానికి ఇప్పుడు ఆమె పేరే. చలికాలం అర్ధరాత్రి మంచు లోపలికి కొడుతుంటే వంగి ఆ అడ్డు తీసిన ప్రతిసారీ ఆ అమ్మాయి గుర్తొచ్చేది.

తెల్లవారుజామున మోగే ఫైర్ అలారం సంగతీ అంతే. నూటికి తొంభై సార్లు మైక్రోవేవ్‌లో మాడిన పాప్‌కార్నే కారణం. అయినా అందరినీ లేపి, కోట్లు తొడిగించి, మంచులోకి నడిపించాలి. దిండు కింద తల పెట్టుకుని కదలనివాళ్ళ తలుపులు బాదాలి. "మళ్ళీ పాప్‌కార్నేగా!" అని విసుక్కుంటే నేను సీటన్ హాల్ పేరెత్తేదాన్ని. 2000 జనవరి 19న న్యూజెర్సీలోని ఆ విశ్వవిద్యాలయం హాస్టల్లో నిప్పంటుకుని ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అంతకుముందు ఉత్తుత్తి అలారాలు ఎన్నో మోగడంతో ఆ రాత్రి చాలామంది పట్టించుకోలేదు. ఈ మాట విన్నాక నా అంతస్తులో విసుక్కున్నవాళ్ళు లేరు.

వసంతంలో సైరన్లు వేరే. సుడిగాలి వస్తోందంటే అందరూ నేలమాళిగకు దిగాలి. 2011 మే నెలలో మిస్సోరీలోని జాప్లిన్ పట్టణాన్ని టోర్నడో ఊడ్చేసి నూట యాభైమందికి పైగా ప్రాణాలు తీసింది. మరుసటి వసంతంలో సైరన్ మోగితే ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. చైనా నుంచి, నైజీరియా నుంచి వచ్చిన అమ్మాయిలకు మాత్రం సైరన్ అంటే ఏమిటో ముందే కూర్చోబెట్టి చెప్పేదాన్ని. మా తీరంలో తుపాను రెండు రోజుల ముందే కబురు పెడుతుంది. ఇది నిమిషాల్లో వస్తుంది.

ఇన్ని పనులు చెప్పాను గానీ, నా దృష్టిలో ఆర్ఏ పనికి గుండెకాయ వేరే. దాన్ని మా అక్క కూతురికి ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను.

శిక్షణలో మా చేత పదేపదే చెప్పించిన ఒక మాట ఉంది. ఎవరైనా వచ్చి "నీకొకటి చెప్పాలి, ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంటే, మాట ఇవ్వకూడదు. వాళ్ళు నోరు తెరవకముందే ఇలా చెప్పాలి: "నువ్వు ఏది చెప్పినా వింటాను. అయితే నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందంటే, నీ మీద ఎవరైనా దాడి చేశారంటే, అది నా దగ్గరే ఉంచుకోలేను. సాయం చేయగలిగినవాళ్ళకు చెప్పాలి. మిగతావన్నీ మన మధ్యే ఉంటాయి. ఎవరికీ తెలియకుండా మాట్లాడాలనుకుంటే కౌన్సెలింగ్ సెంటర్ ఉంది, నేను తోడొస్తాను." చదువుల్లో ఆడామగా వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కింద లైంగిక హింస ఫిర్యాదుల గురించి ఫెడరల్ విద్యాశాఖ 2011 ఏప్రిల్‌లో కాలేజీలన్నిటికీ లేఖ రాశాక, ఆ ఆగస్టు శిక్షణలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పించారు.

నాకు ఇది ఎంత ఎదురీతో ఊహించండి. మన ఇళ్ళలో పెద్దక్క అంటే రహస్యం దాచేది. "ఒట్టు, ఎవరికీ చెప్పను" అన్నదే ఆత్మీయత. అలాంటిది, దగ్గరికొచ్చిన పిల్లతో ముందే "అన్నీ దాచలేను" అనాలి. అలా అంటే ఎవరు చెప్తారు? నా నోటికి రావడానికి ఆ మాటను అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకున్నాను.

2011 శరదృతువు. రాత్రి పన్నెండు దాటింది. నా తలుపు తెరిచే ఉంది. వరండా చివరి గది అమ్మాయి ఉతికిన బట్టల బుట్ట నడుముకానించుకుని గుమ్మంలో నిలబడింది. రోజూ నవ్వుతూ పలకరించే పిల్ల. "ఒకటి చెప్తాను, ఎవరికీ చెప్పవు కదా?" అంది. నేను ఆ మాట చెప్పాను, నెమ్మదిగా, పూర్తిగా. ఆ అమ్మాయి విని, "సరే, అయితే ఏమీ లేదులే" అని వెళ్ళిపోయింది. వెనకాల వెళ్ళి బలవంతపెట్టలేదు. తలుపు అలాగే తెరిచి ఉంచి, పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం ఎక్కలేదు. చాలాసేపటికి మళ్ళీ వచ్చింది, ఈసారి బుట్ట లేకుండా. వచ్చి కింద కార్పెట్ మీద గోడకానుకుని కూర్చుంది.

చెప్పింది. చెప్పినదంతా ఇక్కడ రాయను. అది ఆ అమ్మాయిది. విన్నాక నేను సూటిగా అడిగాను: "చనిపోవాలని ఆలోచిస్తున్నావా?" ఇలా సూటిగా అడగమనే మాకు నేర్పారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనలో చాలామంది భయపడతారు. అలా పుట్టదు. లోపల మోస్తున్నవాళ్ళకు ఆ మాట ఇంకొకరి నోట వినడం ఊరటే ఇస్తుంది. అవునని తలూపింది. "నాకు చెప్పినందుకు మంచి పని చేశావు. ఇప్పుడు హాల్ డైరెక్టర్‌కు ఫోన్ చేస్తాను, నీ ఎదురుగానే" అన్నాను. ఆవిడ రెండు అంతస్తులు కిందనుంచి స్వెట్టర్ తొడుక్కుంటూ వచ్చారు. ఫోన్లో కౌన్సెలర్ దొరికారు. ఆ రాత్రి ఆ అమ్మాయి ఒక్క క్షణం కూడా ఒంటరిగా లేదు. హాల్ డైరెక్టర్ తోడుగా ఆసుపత్రికి వెళ్ళింది. నా పని అక్కడితో అయిపోయింది. అయిపోవాలి కూడా. నేను వైద్యురాలిని కాను. వినడం, అడగడం, చేర్చవలసిన చోటికి చేర్చడం వరకే. ఆ హద్దు తెలియకపోతే ఆర్ఏ కూడా కూలిపోతుంది.

ఆ అమ్మాయి తిరిగొచ్చింది. చదువు భారం తగ్గించుకుంది, ప్రతి వారం కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళింది. వేసవి సెలవులకు ముందు గది ఖాళీ చేస్తూ నాతో ఒక మాటంది: "నువ్వు ముందే చెప్పావు కాబట్టే తిరిగొచ్చాను. ఏం జరుగుతుందో తెలిసి, చెప్పాలా వద్దా అని నేనే నిర్ణయించుకున్నాను." అప్పటిదాకా ఆ నియమాన్ని నేను కాలేజీ తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్నదనే అనుకునేదాన్ని. తిరిగి రావడమన్నది ఆ పిల్ల చేతిలో ఉంచింది ఆ నియమమే.

ఇంటర్ హాస్టల్లో మా వరసలో ఒక అమ్మాయి తిండి మానేసింది. అందరం చూశాం. ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో మాకెవరూ నేర్పలేదు. ఒక ఆదివారం వాళ్ళ నాన్నగారు వచ్చి తీసుకెళ్ళిపోయారు. ఆ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మన దగ్గర ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పేపర్లో వచ్చే వార్తలు చదువుతుంటే నాకు ఆ మంచం గుర్తొస్తుంది. వార్డెన్లు మంచివాళ్ళయితే చాలదు. పిల్లల మధ్య, పిల్లల వయసులో, సూటిగా అడగడం నేర్చిన మనిషి ప్రతి అంతస్తులో ఒకరుండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. సీనియర్ జూనియర్‌ను ఏం చేయకూడదో అది చెప్పింది. సీనియర్ జూనియర్‌కు ఏం చేయవచ్చో కూడా మనం నేర్పాలని నా కోరిక. మనసు కుంగినప్పుడు ఫోన్ చేసి సాయం అడగడానికి ఇప్పుడు మన దేశంలో టెలీ మానస్ నంబరు 14416 ఉంది, అమెరికాలో 2022 జూలై నుంచి 988 ఉంది. నా రోజుల్లో అంత చిన్న నంబరు లేదు. ప్రతి హాస్టల్ గది తలుపు వెనక ఇవి రాసి ఉండాలి.

అన్నీ ఇలాంటి రాత్రులే అనుకోకండి. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌కు భవనం ఖాళీ అయిపోయేది. విమాన టిక్కెట్టు కొనలేనివాళ్ళం, వెళ్ళడానికి ఇల్లే లేనివాళ్ళం మిగిలేవాళ్ళం. అంతస్తు వంటగదిలో ఉన్నది రెండు పొయ్యిలు. నేను పులిహోర కలిపేదాన్ని. చింతపండు దొరకనప్పుడు సీసాలో అమ్మే నిమ్మరసంతోనే. వేరుశనగలు మాత్రం పుష్కలం. లాగోస్ అమ్మాయి జొలోఫ్ రైస్ వండేది, చెంగ్డూ అమ్మాయి కుడుములు చుట్టేది. అయోవా పిల్లలు ఇంటి నుంచి తిరిగొస్తూ మిగిలిన గుమ్మడి పైలు మా కోసం పట్టుకొచ్చేవారు. ఆ పులిహోర రుచి చూసి, వంట రాసివ్వమని ఒకరిద్దరు అడిగారు. రాసిచ్చాను. ఇంగువ దగ్గర ఒక అరపేజీ పట్టింది.

మే నెలలో గదులు అప్పజెప్పే రోజు పని త్వరగానే అయిపోయేది. గది తీసుకున్న రోజు నింపిన పత్రం తీసి, గోడకు మేకులేమైనా కొట్టారా, పరుపు చిరిగిందా అని సరిచూసుకుని, తాళంచెవి కవరులో వేయించుకోవడమే. నీలం కాగితం ముగ్గుల్ని చాలామంది తలుపు మీదనుంచి జాగ్రత్తగా ఊడదీసి తీసుకెళ్ళారు. ఇప్పటికీ ఒకామె తన వంటింట్లో ఫ్రేము కట్టించి పెట్టుకుందని ఫొటో పంపింది.

2012 ఆగస్టులో నేను పాత ఆర్ఏని. కొత్తవాళ్ళ శిక్షణలో మూసిన తలుపు వెనక కూర్చునే వంతు నాకొచ్చింది. నాకిచ్చిన పాత్ర, రహస్యం దాచమని బతిమాలే విద్యార్థిని. తలుపు తట్టిన చప్పుడైంది. పేరు చెప్పి, ఆర్ఏనని చెప్పి, ఆగారు. తీసి చూస్తే, కిటికీ తెరవకపోతే నిద్ర పట్టని నా షికాగో అమ్మాయి. ఆ ఏడాది తను కూడా ఆర్ఏ అయింది. నేను పాత్రలో ఉన్నాను కాబట్టి నవ్వకూడదు. "ఒకటి చెప్తాను, ఎవరికీ చెప్పవు కదా?" అన్నాను. తను కిందకు దిగి, నాకెదురుగా నేల మీద కూర్చుని, "చెప్పేముందు నీకొకటి తెలియాలి. తెలిశాక కూడా చెప్పాలనిపిస్తే, ఎంత రాత్రయినా నేనిక్కడే ఉంటాను" అంది. మిగతాదంతా తన మాటల్లోనే చెప్పింది. శిక్షణ పుస్తకంలో వాక్యం అలా లేదు, నేను చెప్పిందీ అలా లేదు. దానికంటే బాగుంది. మూల కుర్చీలో కూర్చున్న హాల్ డైరెక్టర్ తన కాగితం మీద గబగబా ఏదో రాసుకుని, తర్వాతివారిని పంపమని వరండాలోకి కేకేశారు.